ఇరుగుపొరుగు నగరముల మౌనము

1851వ సంవత్సరము జూలై నెలలో పారిస్ నగరమున పండ్రెండు రాజ్యముల ప్రతినిధులు ఒకచోట కూడిరి. అంటురోగములను గూర్చి రాజ్యములు కలిసి మాటలాడిన మొదటి అంతర్జాతీయ సభ అది. ఒక్కొక్క రాజ్యము ఒక వైద్యుని, ఒక దౌత్యవేత్తను పంపెను. కలరా, ప్లేగు, ఎల్లో ఫీవరు అను మూడు రోగముల విషయమున ఓడలను ఎన్ని దినములు రేవు వెలుపల నిలుపవలెనని వారు ఆరు నెలలు వాదించిరి. కలరా ఎట్లు సోకునో వారిలో ఎవరికిని నిశ్చయముగా తెలియదు. ఓడ నిలిచిపోయినచో ఎంత నష్టమో మాత్రము అందరికిని తెలియును. ఆ సభలో వేయవలసిన కుర్చీ ఒకటి వేయబడలేదు. అది నగరమునకు వేయవలసిన కుర్చీ. రోగము దిగినది రేవుపట్టణములలో. పీనుగులను మోసినది ఆ పట్టణముల బండ్లు. వల్లకాటిలో చోటు చాలక తల పట్టుకొన్నది ఆ పట్టణముల పాలకులు. మాటలాడినవి మాత్రము రాజ్యములు.

ఇప్పుడు కాలము మారినదని చెప్పువారు కలరు. మారిన మాట నిజమే. ఆరోగ్యము ఆస్పత్రిలో పుట్టదు, వీధిలోను ఇంటిలోను నీటిగొట్టములోను పుట్టునన్న ఆలోచన 1984లో టొరాంటో నగరమున జరిగిన ఒక సభతో బలపడెను. 1986లో ప్రపంచారోగ్యసంస్థ యూరపు శాఖ ‘ఆరోగ్య నగరములు’ అను ఉద్యమమును ఆరంభించెను. 2014 డిసెంబరు 1వ తేదీన అదే పారిస్‌లో పలు నగరముల మేయర్లు ఎయిడ్సును అంతమొందింతుమని ప్రతిజ్ఞాపత్రముపై సంతకములు చేసిరి. 2016లో షాంఘై నగరమున నూరుమందికి మించిన మేయర్లు కూడి ఇంకొక ప్రకటన వెలువరించిరి. 2017లో ఒక న్యూయార్కు ధర్మనిధి పూనికతో పొగాకు, రోడ్డు ప్రమాదములు మొదలైనవాటిని అరికట్టుటకు నగరములకు ధనసహాయము చేయు కూటమి ఒకటి ఏర్పడెను.

కనుక 1851లో లేని కుర్చీ నేడు వేయబడినది. ఐతే ఆ కుర్చీలో కూర్చున్న దక్షిణాసియా నగరము ఎవరివైపు తిరిగి మాటలాడుచున్నది? కోపెన్‌హాగెన్ వైపు, జెనీవా వైపు, న్యూయార్కు వైపు. ప్రక్క కుర్చీలోనున్న పొరుగు నగరము వైపు కాదు. కరాచీకిని అహమ్మదాబాదుకును, ఢాకాకును కలకత్తాకును, లాహోరుకును అమృతసరమునకును నడుమ పేరుకొనిపోయిన మౌనము ఈ ప్రాంతపు ప్రజారోగ్యమునకు దోమకంటెను మురుగుకంటెను తక్కువ శత్రువు కాదు. ఈ శత్రువును గుర్తింపక, దూరపు చుట్టములకు స్వాగత తోరణములు కట్టుటయే నగరముల సహకారమని చెప్పుకొనుట ఆత్మవంచన.

పొరుగువాని తెలివి తనకు పనికిరాక నగరము చచ్చిన కథ యూరపులోనే ఒకటి కలదు. 1892 వేసవిలో హాంబర్గు నగరమున కలరా ప్రబలెను. ఆ నగరము ఎల్బ్ నదిలోని నీటిని వడకట్టకయే గొట్టములలోనికి వదలుచుండెను. దానికి ఆనుకొని, అదే నదికి ఇంకను దిగువనున్నది ఆల్టోనా. హాంబర్గు మురుగంతయు కలిసిన నీరే ఆల్టోనాకు చేరవలెను. కాని ఆల్టోనావారు ఆ మురికినీటినే ఇసుక పొరలగుండ వడకట్టి త్రాగుచుండిరి. హాంబర్గులో ఎనిమిదివేల ఆరువందలమంది మరణించిరి. ఆల్టోనాలో ఆ మహమ్మారి దాదాపు అడుగు పెట్టనే లేదు. రెండు నగరముల సరిహద్దుగానున్న ఒక వీధిలో ఒక ప్రక్క ఇండ్లలో కలరా, ఎదురు ప్రక్క ఇండ్లలో ఆరోగ్యము! నేల ఒకటే, గాలి ఒకటే, భాష ఒకటే. పాలన వేరు: హాంబర్గు స్వతంత్ర నగరము, ఆల్టోనా ప్రష్యా రాజ్యములోనిది. వీధి దాటి వెళ్లి చూచిరావలసిన ఇసుకతొట్టి కొరకు హాంబర్గు వర్తక ప్రభువులు ఏండ్ల తరబడి ఖర్చు లెక్కలు వేయుచు కూర్చుండిరి. రోగము వచ్చిన పిదప కూడ, వ్యాపారము చెడునను భయముతో కొన్ని దినములవరకు దానిని బయట పెట్టలేదు.

మన ప్రాంతపు నగరములు ఆనాడు ఇంతకంటె మెరుగుగా ఉండెననుట చాలమందికి వింతగా తోచును. 1894లో హాంకాంగులో ప్లేగు చెలరేగినప్పుడు యెర్సిన్ అను వైద్యుడు ఆ రోగపు క్రిమిని కనుగొనెను. రెండేండ్లకు ప్లేగు బొంబాయికి చేరెను. అక్కడ హాఫ్కిన్ టీకాను సిద్ధపరచి 1897 జనవరి 10వ తేదీన మొట్టమొదట తన దేహమునకే ఎక్కించుకొనెను. మరుసటి ఏడు కరాచీలో సిమండ్ అను ఫ్రెంచి వైద్యుడు, ఎలుకనుండి ఎలుకకు ఈ రోగమును మోయునది ఈగ గాదు, గాలి గాదు, ఎలుక ఒంటిమీది చిన్న పురుగు అని ప్రయోగపూర్వకముగా చూపెను. పలువురు కొన్నేండ్లవరకు దానిని నమ్మలేదు. తరువాత బొంబాయిలో జరిగిన పరిశోధనలే దానిని స్థిరపరచినవి. ఒక్క రోగమును గూర్చిన జ్ఞానము హాంకాంగులో మొదలై, బొంబాయిలో పెరిగి, కరాచీలో తేలి, మరల బొంబాయికి వచ్చి రుజువైనది. మలేరియా కథయు ఇట్టిదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ క్రిమిని చూచెను. వెతుకులాటలో మిగిలిన భాగము మరుసటి సంవత్సరము కలకత్తాలో, పక్షులను పరీక్షించుటతో పూర్తి అయ్యెను.

వైద్యులే గాక ఇంజనీర్లు కూడ నగరమునుండి నగరమునకు పోయిరి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సింధుదేశపు సుక్కూరుకు మంచినీటి ఏర్పాటు చేసెను, సూరతులో పనిచేసెను, 1906లో ఏడెన్ రేవుకు వెళ్లి నీటి పారుదలకును మురుగు పారుదలకును ప్రణాళిక వ్రాసెను. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదును ముంచివేసినప్పుడు నిజాము ప్రభుత్వము ఆయననే పిలిపించెను. వరదను ఆపు జలాశయములతోపాటు భూగర్భ మురుగు కాలువల పథకము కూడ ఆయన చేతనే రూపొందెను. సుక్కూరు నేడు పాకిస్తానములో, ఏడెన్ యెమెనులో, సూరతు గుజరాతులో, హైదరాబాదు తెలంగాణములో ఉన్నవి. ఇప్పుడొక ఇంజనీరు ఈ నాలుగు ఊళ్లలో పనిచేయవలెనన్న వానికి కావలసిన అనుమతి పత్రములు వాని ప్రణాళికకంటె బరువుగా ఉండును.

దీనివలన సామ్రాజ్యము మేలుచేసెనని ఎవరును అర్థము చేసికొనరాదు. తెల్లవారు ఈ రేవులను కలిపినది తమ ఓడలకొరకు, తమ సైనికులకొరకు. ప్లేగు పేరిట పూనాలోను బొంబాయిలోను జనుల ఇండ్లలో దూరి వారు చేసిన దౌర్జన్యమును దేశము మరువలేదు. అయినను ఒక చేదు సత్యము మిగిలియున్నది: పరాయిదొర తన స్వార్థమునకై వేసిన దారులను స్వతంత్ర రాజ్యములు తమ ప్రజల మేలునకై నిలుపుకొనలేకపోయినవి. దొర పోయినాడు, దారికి అడ్డముగా ముళ్లకంచె వచ్చినది.

కంచె వచ్చిన తరువాత కూడ ఒకసారి ఆ దారి తెరచుకొన్నది. ఆ ఒక్కసారితోనే లోకమునకు కలిగిన లాభము ఎంతో లెక్కకట్టుట కష్టము. ఆ సంగతి కొంత వివరముగా చెప్పవలసియున్నది.

కలరా రోగి చచ్చునది క్రిమివలన అనుటకంటె ఒంటిలోని నీరు పోవుటవలన అనుట సరియైనది. ఆ క్రిమి విడుచు విషము పేగులలో ఎట్లు పనిచేయునో 1959లో కలకత్తాలో శంభునాథ్ డే చూపెను. 1960లో ఢాకాలో కలరా పరిశోధనాలయము వెలసెను. అప్పటికి రోగిని బ్రతికించు మార్గము ఒక్కటే: నరములోనికి సూదితో ఉప్పునీరు ఎక్కించుట. దానికి సూది కావలెను, సీసా కావలెను, నేర్చిన చేయి కావలెను. పల్లెటూరి రోగికి మూడును లేవు. ఉప్పుతో గ్లూకోసును కలిపి నోటితో త్రాగించినచో పేగు ఆ నీటిని పీల్చుకొనునన్న సంగతి 1968లో ఢాకా రోగులపై స్పష్టముగా తేలెను. నరములోనికి ఎక్కించవలసిన నీటిలో అయిదింట నాలుగు పాళ్లు తగ్గిపోయెను. అవే సంవత్సరములలో కలకత్తా అంటురోగముల ఆస్పత్రిలోను ఇదే పరిశోధన సాగుచుండెను. రెండు నగరములవారును ఒకే గంగానది ముఖద్వారమున, ఒకే భాష మాటలాడు రోగులను చూచుచుండిరి. ఒకరి ఫలితములు ఒకరికి అమెరికా విశ్వవిద్యాలయముల ద్వారా, వైద్యపత్రికల ద్వారా తెలియుచుండెను.

1971 వచ్చెను. తూర్పు బెంగాలునుండి లక్షలకొలది కాందిశీకులు సరిహద్దు దాటిరి. బొన్గాఁవ్ ఆస్పత్రిలో కలరా రోగులు మంచములు నిండి, నేలపై పొరలుచుండిరి. సీసాల నీరు అయిపోవుచుండెను. కలకత్తానుండి వచ్చిన దిలీప్ మహాలనబిస్ అను వైద్యుడు ఒక లీటరు నీటికి ఇరువదిరెండు గ్రాముల గ్లూకోసు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల తినే సోడా చొప్పున పొట్లములు కట్టించి, పీపాలలో కలిపించి, రోగుల తల్లులకు, అన్నదమ్ములకు గిన్నెలు ఇచ్చి త్రాగించమనెను. ఇట్టి శిబిరములలో నూటికి ముప్పదివరకు పోవుచుండిన మరణములు ఆయన చికిత్సలో నూటికి నాలుగుకంటె తగ్గినవి. ఢాకా ప్రయోగశాలలో నిరూపింపబడి, కలకత్తాలో పొట్లము కట్టబడి, ఢాకా ప్రాంతపు బిడ్డలకే త్రాగింపబడిన నీరు అది! నేడు లోకమున ఏ పల్లెలోనైనను విరేచనములతో వాడిపోయిన బిడ్డకు తల్లి పట్టు ఆ ఉప్పుచక్కెరల నీరు ఈ రెండు నగరముల ఉమ్మడి బిడ్డ. మహాలనబిస్ 2022లో మరణించెను. మరుసటి ఏడాది ప్రభుత్వము ఆయనకు పద్మవిభూషణ బిరుదము ప్రకటించెను. బ్రతికియున్న కాలమున ఆయనను సామాన్యులలో ఎందరెరుగుదురన్నది వేరుగా అడుగవలసిన ప్రశ్న.

ఇది జరుగుటకు యుద్ధము రావలసివచ్చెను, కాందిశీకులు సరిహద్దు దాటవలసివచ్చెను. నగరము నగరముతో నేరుగా మాటలాడు ఏర్పాటు అప్పుడును లేదు, ఇప్పుడును లేదు. లేనందువలన ఏమగునో ఎండ చెప్పగలదు.

2010 మే నెలలో అహమ్మదాబాదున ఎండ 46.8 డిగ్రీలకు ఎక్కెను. ఆ ఒక్క నెలలో మామూలు లెక్కకంటె 1,344 మంది ఎక్కువగా చనిపోయిరని తరువాత తేలెను. ఎండ దెబ్బ మృత్యుపత్రములో గుండెజబ్బని, జ్వరమని మారుపేరుతో వ్రాయబడుచుండును గనుక, ఆ సంఖ్య తేలుటయే ఒక పెద్ద పని. నగరపాలకులు గాంధీనగరములోని ప్రజారోగ్య విద్యాసంస్థతోను, అమెరికాలోని విశ్వవిద్యాలయము, సంఘములతోను కూడి 2013లో ఒక వేసవి ప్రణాళిక అమలు చేసిరి. దక్షిణాసియాలో ఇట్టిది అదే మొదటిది. అందులో మహత్తు ఏమియు లేదు. వడగాడ్పు రాబోవుచున్నదని ముందుగా తెలిసికొని రంగులవారీగా హెచ్చరించుట, మురికివాడలకు మంచినీరు చేర్చుట, వైద్యులకు ఎండదెబ్బ గుర్తులు మరల నేర్పుట, ఎవరు ఎవరికి ఫోను చేయవలెనో ముందే వ్రాసి ఉంచుట. ఆ ప్రణాళికవలన సంవత్సరమునకు వేయిమందికి మించి ప్రాణములు నిలిచినవని తరువాత ఒక పరిశీలన అంచనా వేసెను.

అహమ్మదాబాదునుండి కరాచీ ఆకాశమార్గమున సుమారు ఆరువందల కిలోమీటర్లు. 2015 జూన్‌లో, రంజాను ఉపవాసముల నెలలో, కరాచీపై అదే ఎండ విరుచుకుపడెను. విద్యుత్తు పోయెను, నీరు పోయెను, శవాగారములలో చోటు లేకపోయెను. కొలది దినములలో వేయిమందికి మించి చనిపోయిరి. కరాచీకి వడగాడ్పు ప్రణాళిక 2017లో వచ్చెను. ఇల్లు కాలిన తరువాత త్రవ్విన బావి అది. ప్రక్క ఊరిలో అప్పటికే రెండేండ్లుగా నీళ్లున్న బావి ఉండెను. ఆ రెండు నగరములకును ఒకే ఎడారి గాలి, ఒకే సముద్రము, ఒకే తీరున రేకుల కప్పు వేసిన కూలివాని ఇల్లు. ఒక నగర ఆరోగ్యాధికారి రెండవ నగర ఆరోగ్యాధికారికి ఆ కొలది పుటల కాగితమును 2013లోనే పంపియుండినచో రెండు దేశములలో దేని సార్వభౌమత్వమునకు భంగము కలిగెడిది?

సరిహద్దు ఒక్కటే అడ్డమని చెప్పుట కూడ న్యాయము కాదు. అదే 2015లో, కరాచీకంటె ఒక నెల ముందు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో పదునైదువందలమందికి మించి ఎండకు బలియైరి. ఇక్కడ ముళ్లకంచె లేదు, వీసా లేదు. అహమ్మదాబాదు ప్రణాళిక రెండేండ్లుగా అమలులో ఉండెను. కాని పొలములోని కూలివానికిని, విజయవాడ వీధిలో బండి లాగువానికిని దాని నీడ సోకలేదు. ఎవరికి వారే యమునాతీరే అన్న సామెత ఊరక పుట్టలేదు. రాజ్యముల నడుమ మౌనము ఒక శాపమైనచో, ఒకే రాజ్యములోని నగరముల మౌనము ఒక అలవాటు.

ఇక దోమ కథ. 2019లో ఢాకాను డెంగ్యూ చుట్టుముట్టెను. ఆ సంవత్సరము బంగ్లాదేశమున ఆస్పత్రులకు చేరినవారే లక్షకు మించిరి. ఢాకా వీధులలో పొగయంత్రములు కొట్టుచుండిన మందుకు దోమలు అలవాటుపడిపోయినవని అచ్చటి పరిశోధకులు అంతకుముందే చెప్పియుండిరి. ఆగస్టులో ఢాకా ఉత్తర నగరపాలక సంస్థ మేయరు కలకత్తా ఉపమేయరుతో దృశ్యమాధ్యమమున సమావేశమయ్యెను. కలకత్తావారు తమ 144 వార్డులలోను సంవత్సరమంతయు ఇంటింటికి మనుషులను పంపి నిలువనీటిని వెదకింతురనియు, ఆస్పత్రులనుండి రోగుల వివరములు ప్రతిదినము తెప్పింతురనియు, పొగకొట్టుటకంటె డింభకములను చంపుటయే ముఖ్యమని భావింతురనియు అప్పుడు పత్రికలలో వచ్చెను. ఇది మంచి పని. ఇట్టి మంచి పని జరిగినందుకు వార్త అయ్యెను. రెండు నగరముల అధికారులు మాటలాడుకొనుట వార్తగా నిలుచుచున్నంతకాలము పరిస్థితి ఏమియు బాగుపడలేదనియే అర్థము. ప్రక్కింటివారితో మాటలాడితినని ఎవడును పత్రికకెక్కడు.

ఆ మాటలు స్థిరమైన ఏర్పాటుగా మారలేదు. 2023లో బంగ్లాదేశమున డెంగ్యూ సోకినవారు 3,21,179 మంది. చనిపోయినవారు 1,705 మంది. ఆ దేశ చరిత్రలో అంతటి డెంగ్యూ అంతకుముందు లేదు. కలకత్తా ఆదర్శనగరమని చెప్పుట ఈ వాదము ఉద్దేశ్యము కాదు. 2022లోను 2023లోను పశ్చిమ వంగములో కూడ డెంగ్యూ విజృంభించెను. శ్రీలంక 2016లో మలేరియా లేని దేశముగా గుర్తింపు పొంది, మరుసటి సంవత్సరమే 1,86,101 డెంగ్యూ కేసులతో కృంగిపోయెను. ఒక దోమను ఓడించిన కొలంబో ఇంకొక దోమ చేతిలో ఓడెను. ఒక్కొక్క నగరమునకును తెలిసినది కొంత, తెలియనిది కొంత. కలకత్తాకు ఢాకా గురువు కానక్కరలేదు, ఢాకాకు కలకత్తా గురువు కానక్కరలేదు. నీటితొట్టిలో ఏ మందు వేసిన ఏ నెలలో డింభకములు ఎంత చచ్చినవో ఒకరి లెక్కపుస్తకము ఒకరు చూచుకొనిన చాలును.

ఈ చిన్న పనికి అడ్డమేమి? భారత రాజ్యాంగపు ఏడవ షెడ్యూలు తెరచి చూడవలెను. విదేశ వ్యవహారములు సంఘ జాబితాలో ఉన్నవి. ప్రజారోగ్యము, పారిశుద్ధ్యము రాష్ట్ర జాబితాలో ఉన్నవి. స్థానిక పాలనయు రాష్ట్ర జాబితాలోనిదే. డెబ్బదినాలుగవ సవరణ 1992లో పన్నెండవ షెడ్యూలును చేర్చి, ప్రజారోగ్యమును పురపాలక సంఘములకు అప్పగింపదగిన పనిగా పేర్కొన్నది. అప్పగించుటయు మానుటయు రాష్ట్రము ఇష్టము. ఈ విధముగా పొరుగుదేశపు దోమ ఢిల్లీ జాబితాలో పుట్టి, రాష్ట్ర జాబితాలో ఎగిరి, మునిసిపాలిటీ పరిధిలో కుట్టుచున్నది. కుట్టించుకొన్న పౌరుడు ఎవరిని అడుగవలెను? మేయరును అడుగునన్న, పలు నగరములలో అధికారము రాష్ట్రము పంపిన కమిషనరుది. మేయరు మెడలో ఉన్నది హారము మాత్రమే. ఢిల్లీలో మేయరు పదవి ఒక్క సంవత్సరము. బెంగుళూరు పాలకమండలి గడువు 2020 సెప్టెంబరులో ముగిసెను. అయిదేండ్లు నిండిన 2025 సెప్టెంబరునాటికి కూడ దానికి ఎన్నిక జరుగలేదు. ఇట్టి నగరములు అంతర్జాతీయ సభలలో ఏ అధికారముతో ప్రతిజ్ఞలు చేయుచున్నవో ఆ సభలవారు ఒకసారి విచారించిన బాగుండును.

విదేశ నీతి రాజ్యమునది, నగరములు అందులో తలదూర్చరాదని గట్టిగా వాదించువారు కలరు. యుద్ధము, సంధి, సరిహద్దు, వర్తకము రాజ్యమునవే కావచ్చును. మురుగుకాలువలో డింభకములు ఎన్ని దినములకు దోమలగునన్న సంగతి ఏ సంధిపత్రములోనిది? రాజ్యములు ఈ పనిని తామే చక్కగా చేయుచున్నచో నగరములు నోరు విప్పనక్కరలేదు. రాజ్యముల కూటమియైన సార్కు 1985లో ఢాకాలో పుట్టెను. దాని కడపటి శిఖరాగ్ర సభ 2014లో ఖాట్మండులో జరిగెను. తరువాతి సభ 2016లో ఇస్లామాబాదున జరుగవలసియుండి ఆగిపోయెను. పెద్దలు ఇద్దరు అలిగి తలుపులు మూసికొన్నప్పుడు, దొడ్డిదారిన పిల్లలకు మందు అందించు ఆడవారివంటివి నగరములు. ఆ దొడ్డిదారిని కూడ మూయుట రాజనీతి అనిపించుకొనదు.

నగరముల కూటములన్నియు విహారయాత్రలని వెక్కిరించువారి మాటలో కొంత నిజమున్నది. సోదరనగరములని పేరుపెట్టి, ఒక తోటకు ఇంకొక ఊరి పేరు తగిలించి, శాలువలు మార్చుకొని వచ్చిన బృందములు కొన్ని కాదు. ఐతే ఈ తప్పు సహకారముది కాదు, పంపిన మనుషులది. పోవలసినవారు పోవుట లేదు. ఆల్టోనా ఇసుకతొట్టిని చూడవలసినది హాంబర్గు ప్రభువుకాదు, హాంబర్గు నీటి ఇంజనీరు. బొన్గాఁవ్‌లో రోగులను నిలిపినది సంతకము కాదు, ఉప్పు తూచిన త్రాసు. ఢాకాకును కలకత్తాకును నడుమ పోవలసినవారు శానిటరీ ఇన్‌స్పెక్టర్లు, మలేరియా సిబ్బంది, వార్డు ఆరోగ్య కార్యకర్తలు, జనన మరణముల రిజిస్టరు వ్రాయు గుమాస్తాలు. వీరికి విమానపు టికెట్టు ఎవరును కొనరు. వీరి ఛాయాచిత్రము ఎవరును అచ్చువేయరు. మురుగులోనికి దిగువాని ప్రాణము నగరపు ఆరోగ్యములో భాగమేయన్న సంగతి ఏ ప్రకటనలోను మొదటి వాక్యముగా కనబడదు.

మౌనముగా ఉండుటయే క్షేమమను మరియొక వాదము కలదు: రోగమున్నదని పొరుగువారికి చెప్పినచో వారు తలుపులు మూయుదురు, వ్యాపారము చెడును. హాంబర్గు వర్తకులు చెప్పినది ఇదే. 1994 సెప్టెంబరులో సూరతున ప్లేగు అను మాట వినబడగానే జనము లక్షలుగా ఊరు విడిచిరి. పలు దేశములు భారతదేశమునకు విమానములు ఆపివైచినవి. భయము నిజమైనదే. కాని సూరతును నిలబెట్టినది దాపరికము కాదు. 1995లో కమిషనరుగా వచ్చిన ఎస్. ఆర్. రావు అధికారులను ప్రతిదినము వీధులలోనికి తరిమి, చెత్త ఎత్తించి, కాలువలు బాగుచేయించి, కొలది కాలములోనే దేశములోని శుభ్రమైన నగరముల వరుసలో దానిని నిలిపెను. తలుపు మూసికొన్న దేశములు ఆ వీధులను చూచుటకు రాలేదు. ఆనాడు సూరతుకు నేరుగా ఉత్తరము వ్రాసి నిజమడిగి తెలిసికొనగల నగరములు పది ఉండినచో, విమానములు ఆపుటకు ముందు కనీసము ఒకరైనను నిజమేమని అడిగియుందురు.

కావలసినది పెద్ద సంస్థ కాదు, ఇంకొక ప్రకటన అసలే కాదు. ప్రజారోగ్య విషయమున, అనగా నీరు, మురుగు, దోమ, గాలి, ఎండ, టీకా అను ఈ ఆరింటి విషయమున, పురపాలక సంఘము పొరుగుదేశపు పురపాలక సంఘముతో ముందస్తు అనుమతి లేకయే సమాచారము ఇచ్చి పుచ్చుకొనవచ్చునని ఒక సామాన్య అనుమతిని కేంద్ర ప్రభుత్వము ఒక్కమారు ప్రకటింపవలెను. రాజ్యరహస్యమనదగినది ఏదైన ఉన్నచో దానిని ముందే పేర్కొని మినహాయింపవచ్చును. ఇట్టి అనుమతినే ఢాకా, ఇస్లామాబాదు, కొలంబో, ఖాట్మండు ప్రభుత్వములును ఈయవలెను. దూరపు ధర్మనిధులు ఇచ్చు సొమ్ములో ఒక పాలు పొరుగు నగరములు ఉమ్మడిగా చేయు పనికే ఈయవలెనని నగరములే షరతు పెట్టవచ్చును; ఇచ్చువాడు షరతు పెట్టుట అలవాటైన లోకములో పుచ్చుకొనువాడు పెట్టుట కొంత వింతగా ఉండును, ఉండనీ.

లాహోరునుండి అమృతసరమునకు యాభై కిలోమీటర్ల దారి. చలికాలమున ఇరు పంజాబులలోను వరి కొయ్యలు తగులబెట్టిన పొగ, ఇటుకబట్టీల పొగ, బండ్ల పొగ కలిసి సరిహద్దు దీపములనే కప్పివేయును. 1998లో దక్షిణాసియా రాజ్యములు మాలే నగరమున కూడి, సరిహద్దులు దాటు ఈ గాలి మాలిన్యమును కలిసి అరికట్టుదుమని ప్రకటించినవి. ఇరువది ఆరేండ్ల తరువాత, 2024 నవంబరులో, లాహోరు గాలి సూచిక వేయి దాటెను, బడులు మూసివేసిరి. గాలిని కొలుచు యంత్రములు ఇప్పుడు ఇరువైపుల కలవు. అమృతసరపు ఆరోగ్యాధికారి లాహోరు అంకెను తన చేతిలోని ఫోనులో చూచుకొనగలడు. లాహోరు అధికారికి అమృతసరపు అంకె అట్లే కనబడును. ఏ ఉదయము పిల్లలను బడికి పంపవద్దని చెప్పవలెనో ఆ అంకెలను ఎదుట పెట్టుకొని ఒకరికొకరు వ్రాసికొనుటకు మాత్రము వారిద్దరును ఢిల్లీలోను ఇస్లామాబాదులోను అనుమతి అడుగవలసియున్నది.